కంచెకు కన్నం పెట్టిన వచేరవ్వ

వచేరవ్వ కత్తెర లేకుండా గడప దాటదు. చర్చికి వెళ్ళినా, చావింటికి వెళ్ళినా, చంకలో మూరెడు కంచె కత్తెర ఉండాల్సిందే. ఎవరి సైప్రస్ చెట్ల కంచెలోనైనా ఒక్క రెమ్మ పొడుచుకొచ్చి కనబడితే ఆవిడ చేతులు ఊరుకోవు. సొంత మేనకోడలి పెళ్ళిలో పాస్టరు ప్రమాణాలు చేయిస్తుంటే బయటినుంచి కచకచమని చప్పుడు.

"అవ్వా, కాసేపు ఆపు!" అని కేకేశాడు పాస్టరు.

"మీరు కానివ్వండి నాయనా, ఇటువైపు అయిపోవచ్చింది!"

కినంగోప్ కొండల్లో ఆవిడ చెయ్యి పడని కంచె లేదు. నలభై ఏళ్ళలో మూడు చర్చిలకు, రెండు బడులకు, పాలకేంద్రానికి, నూట ముప్ఫై ఇళ్ళకు సైప్రస్ నాటించింది. ఆవిడ నాటిన మొక్క చచ్చిందన్న మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. తొలకరి వారంలోనే నాటించేది. మొక్కల మొదళ్ళలో మొక్కజొన్న చొప్ప పరిపించేది, మంచు కురిసే రోజుల్లో గోనెసంచి కప్పించేది. అందరికీ చెప్పే పాఠం మాత్రం ఒకటే: "పచ్చదనం ఉన్నంతవరకే కత్తిరించు. లోపలి మోడుకొమ్మ దాకా పోయావో, అక్కడ ఇక జన్మలో చిగురు రాదు."

అలాంటి మనిషి ఒకే వారంలో ఏడు ఇళ్ళ కంచెలకు తలకాయ పట్టేంత కన్నాలు పెట్టింది. మోడుకొమ్మలతో సహా కోసేసింది!

ఏడో కంచె గిచూరు తాతది. భార్య పోయాక ఆయనకు తోడంటూ ఉన్నవి ఒక ఆవు, ఈ కంచె. పన్నెండేళ్ళు వాగునుంచి డబ్బాలతో నీళ్ళు మోసి పెంచాడు. కోడిపిల్ల కూడా దూరదని గొప్పగా చెప్పుకునేవాడు. కన్నం చూడగానే దుప్పటి కప్పుకుని నేరుగా ఊరిపెద్దల దగ్గరికి నడిచాడు.

"దీని కత్తెర లాక్కోండి!"

"ఎందుకు పెట్టావు వచేరా?" అని అడిగారు పెద్దలు.

"గాలి ఆడుతుందని."

"గాలి తక్కువైందని నీకెవరు చెప్పారే?" అన్నాడు గిచూరు. "ఈ కొండమీద ఉన్నదే గాలి!"

పెద్దలు నవ్వాపుకుని తీర్పు శనివారానికి వాయిదా వేశారు. సరైన కారణం చెప్పకపోతే కత్తెర పోయినట్టేనన్నారు. వచేరవ్వ కత్తెరను గట్టిగా చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

గురువారం పొద్దున్నే, వంటింటి తలుపు తియ్యకముందే పాలు పితకబోయిన గిచూరు కొట్టంలో జారిపడ్డాడు. కాలు విరిగింది. గొంతు పోయేలా అరిచాడు. ఆయన మురిసిపోయే ఆ దట్టమైన కంచె అరుపులన్నీ మింగేసింది. విన్నది ఆవొక్కటే. అదీ ఓసారి చూసి నెమరు వేసుకుంది.

కాసేపటికి గేటు ధడాలున తెరుచుకుంది. రొప్పుతూ వచేరవ్వ!

"ఏడు గంటలైనా వంటింటి తలుపు తియ్యవేం గిచూరూ? పోయావేమోనని పరిగెత్తుకొచ్చాను!"

"నా తలుపు నీకెలా కనబడిందే?"

"కన్నంలోంచి! రోజూ పొద్దున్నే ఎదురుగట్టు మీంచి చూద్దామంటే నీ దిక్కుమాలిన కంచె అడ్డం, అందుకే పెట్టాను. కదలకు, మనుషుల్ని పిలుచుకొస్తాను."

గిచూరు నొప్పిలోనే లెక్క వేసుకున్నాడు. ఏడు కన్నాలు. ఏడూ ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళు. అన్నీ వంటింటి తలుపుకు సూటిగానే ఉన్నాయి.

"పెద్దల ముందు ఈ మాట చెప్పొచ్చుగా?"

"చెబితే, 'నాకు కాపలా ఏమిటి, నేనేం పసివాణ్ణా?' అని ఆ పూటే కన్నానికి రేకు కొట్టేవాడివి కాదూ?"

నిజమే గనక గిచూరు కాలు పట్టుకుని మూలిగాడు.

శనివారం కాలికి కట్టుతో గాడిదబండి ఎక్కి వచ్చాడు. "నా ఫిర్యాదు వాపసు. ఆ కత్తెర జోలికి ఎవడైనా వస్తే నా చేతికర్రకు జవాబు చెప్పుకోవాలి!" వెనక మిగతా ఆరిళ్ళ ముసలివాళ్ళూ చప్పట్లు కొట్టారు. నెల తిరిగేసరికి ఇరవై కంచెలకు కన్నాలు పడ్డాయి, అడిగి మరీ పెట్టించుకున్నవి.

గిచూరు ఇప్పుడు తన తలుపుకు పసుపురంగు వేయించాడు, గట్టుమీంచి అందరికన్నా ముందు తనదే కనబడాలని. పొద్దున్నే తీసి ఊరుకోడు. మూసి మళ్ళీ తీస్తాడు.

"ఒకసారి తీస్తే చాలదటయ్యా?" అని అడిగింది వచేరవ్వ, ఆయనింట టీ తాగుతూ.

"నీ చూపు మీద నాకు నమ్మకం లేదు," అన్నాడు గిచూరు. "రేపటినుంచి మూడుసార్లు తీస్తాను."