అత్తగారి సారె దగ్గర అల్లుడి కెమెరా

చేతులకు మట్టి ఉన్నప్పుడు ఎవరైనా పలకరిస్తేనే ఆవిడకు గిట్టదు. అలాంటిది ఆ రోజు పొద్దున్నుంచీ అల్లుడు కెమెరా పట్టుకుని కుమ్మరి సారె చుట్టూ తిరుగుతున్నాడు.

ఆవిడ పందొమ్మిదేళ్ళు వాష్‌బేసిన్ల ఫ్యాక్టరీలో అచ్చులు పోసింది. రోజుకు నలభై బేసిన్లు. వెంట్రుకవాసి తేడా వచ్చినా సూపర్‌వైజరు తీసి పారేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత మెకానిక్ షెడ్డొకటి అద్దెకు తీసుకుని, అందులో సారె పెట్టుకుని, తన ఇష్టం వచ్చినట్టు పింగాణీ గిన్నెలూ కూజాలూ చేయడం మొదలుపెట్టింది. యాభై నాలుగో ఏట మొదటి ప్రదర్శన కుదిరింది. కరపత్రానికి ఫొటో కావాలన్నారు.

"ఇంట్లోనే ఫొటోగ్రాఫర్ని పెట్టుకుని బయటివాళ్ళెందుకమ్మా?" అంది కూతురు. ఆవిడ అక్కడే ఇరుక్కుపోయింది. బయటివాడైతే నాలుగు చీవాట్లు పెట్టేది. ఈయన అల్లుడాయె.

"అత్తయ్యా, కొంచెం ఇటు చూడండి."

"నేనిటు చూస్తే గిన్నె అటు పోతుంది బాబూ."

"పోనీ చేతులు అలాగే ఆపండి."

"నేనాపినా సారె ఆగదు కదండీ!"

అల్లుడు లైటును జరిపి జరిపి సారె పక్కకే తెచ్చాడు. ఆ వేడికి పెద్ద గిన్నె అంచు ఒకవైపు ఆరిపోయి, వేలు తగలగానే చీలింది. ఆవిడ పళ్ళు బిగబట్టి దాన్ని ముద్ద చేసేసింది.

"అయ్యో, ఆ గిన్నె ఫొటోకి భలే కుదిరింది! ఇంకోటి చేయండి అత్తయ్యా, అచ్చం ఇందాకటిలాగే."

ఆ మాటతో ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"పందొమ్మిదేళ్ళు అచ్చం అలాగే, అచ్చం అలాగే అని చేసి చేసి ప్రాణం విసిగిపోయింది! ఆ కెమెరా అక్కడ పెట్టు. కూర్చో ఇక్కడ. నువ్వే చెయ్యి, చూస్తా!"

ఏడేళ్ళుగా 'మీరు' అంటున్న మనిషిని 'నువ్వు' అనేశానని ఆవిడకు అప్పుడు తట్టనే లేదు. అల్లుడు కెమెరా పక్కన పెట్టి సారె ముందు కూర్చున్నాడు. సారె తిరగగానే మట్టి ఎగిరి కళ్ళద్దాల మీద పడింది.

"మోచేతులు తొడలకు ఆనించు! మట్టిని బతిమాలుతున్నావేంటి? నొక్కు!" అంటూ వెనకనుంచి వంగి అతని మణికట్లు పట్టుకుని అదిమింది. అటూ ఇటూ ఊగుతున్న ముద్ద కుదురుకుంది.

"నిలబడింది అత్తయ్యా!" అని అల్లుడు చిన్నపిల్లాడిలా అరిచాడు. అప్పుడే టీ తెచ్చిన కూతురు పడీ పడీ నవ్వి, ఫోన్‌లో ఒక ఫొటో తీసింది.

అల్లుడు తీసిన రెండొందల ఫొటోల్లో ఒక్కటీ ప్రదర్శనవాళ్ళకు నచ్చలేదు. ఆవిడ అల్లుడి మణికట్లు పట్టుకుని ఉండగా కూతురు తీసిందే అచ్చేశారు. అల్లుడు రెండు రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు.

ప్రదర్శనకు వచ్చినవాళ్ళు గిన్నెల వంక ఓసారి చూసి, కరపత్రం చూపించి, "మీరు నేర్పుతారా అండీ?" అని ఒకటే అడగడం. "నేర్పను" అని చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఆ గొడవ వదిలించుకుందామని సాయంత్రం ఒక కాగితం ముందుకు తోస్తే, ఆరుగురు పేర్లు రాసి వెళ్ళారు.

ఉన్నది ఒక్క సారె. ఇంటికి వచ్చేదాకా దారిపొడుగునా కూతుర్ని తిడుతూనే ఉంది. మధ్యమధ్య మాత్రం ఆగి, రెండో సారె పెట్టాలంటే షెడ్డులో ఏ మూల ఖాళీ చేయాలా అని పైకే అనుకుంది.