నాపరాళ్ల మీద వీపు

బేతంచెర్ల స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్నామె నన్ను ఎగాదిగా చూసి, తన ఫోను నా చేతిలో పెట్టింది. నాపరాళ్ల మీద కూర్చున్న ఒక ఆడమనిషి వీపు ఫొటో అది. ఒంటిమీద నూలుపోగు లేదు. భుజం నుంచి నడుం దాకా కాలిన మచ్చ.

“అది నేనే అక్కా. ఫొటో తీసినామె అడక్కుండా నన్ను తాకను గూడా తాకలేదు. ఫొటోల ప్రదర్శనలో పెట్టాల్నా, తుడిపేయాల్నా నన్నే చెప్పమంది. ఈపొద్దే చెప్పాల. తెలిసినోళ్లకు చూపియ్యలేను. ఎట్లుండాది?”

నా నోరు ఊరుకుంటుందా? “ఏం చెప్పేది తల్లీ! నీ పక్కన ఆ రాళ్లు సిగ్గుపడతాండాయి” అన్నాను.

ఆమె పకపకా నవ్వి, కళ్లు తుడుచుకుంది. “పెట్టుకో మేడం” అని నా ముందే ఫోన్లో చెప్పి రైలెక్కింది.

ఇప్పుడు నేనూ అప్పుడప్పుడు అద్దానికి వీపు తిప్పి చూసుకుంటాను. మా ఇంటి నాపరాళ్లకు మాత్రం సిగ్గూ శరమూ లేవు.