అత్తమ్మ పట్టుచీర మీద పసుపు మరక

మా చిన్నప్పుడు మేనత్త వస్తుందంటే ముందురోజే ఇంట్లో హడావుడి... అమ్మ వాకిలి అలికేది, ఇత్తడి చెంబులు చింతపండుతో తోమి మెరిపించేది.

మాది మొగుళ్లపల్లి దగ్గర చిన్న ఊరు. అత్తమ్మ మా నాయినకు అక్క. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో స్థిరపడింది. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి అనేది... "ఇంకా ఈ కట్టెల పొయ్యేనా? పాపం!" అని. నేను "గీడ కూసో అత్తమ్మా" అంటే, "గీడ ఏంటే? ఇక్కడ అనాలి" అని సరిదిద్దేది. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషే మరి! నాకు ఒళ్లు మండేది. అమ్మ మాత్రం నవ్వి మజ్జిగ తెచ్చిచ్చేది.

ఒక ఏడు ఒడిబియ్యానికి వచ్చింది. పెళ్లయిన ఆడబిడ్డను పిలిచి, పసుపు, నెయ్యి కలిపిన బియ్యం ఆమె కొంగులో పోసి పంపడం మా దగ్గర ఆనవాయితీ. వస్తూనే కూతురి పాత గౌన్లు సంచిలోంచి తీసి, అందరి ముందూ నా చేతిలో పెట్టింది. "మీకిక్కడ ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయిలే" అంది.

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. "ఆమెకు ఒడిబియ్యం పొయ్యకే అమ్మా..."

అమ్మ బియ్యానికి పసుపు పట్టిస్తూనే ఉంది. "నాయినమ్మ పాయె... ఇగ ఆమెకు తల్లిగారిల్లంటే మనమే గద బిడ్డా. మనం పొయ్యకపోతే ఎవలు పోస్తరు?"

తెల్లారి పీట మీద కూర్చున్న అత్తమ్మ కొంగు పట్టలేదు. ఒడిలో పాత తువ్వాల పరుచుకుంది. "పట్టుచీర సుజాతా, మరకలు పోవు. దీంట్లో పోసెయ్" అంది. చుట్టూ ఉన్న అమ్మలక్కలు ముక్కున వేలేసుకున్నారు.

అమ్మ గొంతు పెంచలేదు. తువ్వాల తీసి, మడిచి పక్కన పెట్టింది.

"మరకవడితే వడనియ్ వదినె... తల్లిగారింటి మరకే గద."

అత్తమ్మ మెల్లగా కొంగు పట్టింది. అమ్మ దోసిళ్లతో పోస్తుంటే ఆమె కళ్ల వెంట నీళ్లు... "అచ్చం మా అవ్వ లెక్కనే పోసినవ్ పిల్లా" అంది, వాళ్లమ్మను తలుచుకుని. ఆమె నోట ఊరి మాట వినడం నాకదే మొదటిసారి. ఆ బియ్యంలోంచి అయిదు పిడికిళ్లు మా దేవుడి దగ్గర పోసి, "నా తల్లిగారిల్లు సల్లగుండాలె" అని మొక్కింది.

ఆ తర్వాత "పాపం" అనడం మానేసిందనుకునేరు... పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా! కానీ అప్పట్నుంచి ఆమె ఏమన్నా నాకు మునుపటంత కోపం వచ్చేది కాదు.

మొన్న ఆమె ఇంటికి వెళ్తే, బీరువా తెరిచి ఆ చీర చూపించింది. కొంగు మీద పసుపు ఇంకా అలాగే ఉంది.

"డ్రైక్లీనింగుకు ఇయ్యలేదే బిడ్డా... మరక పోతదని."

ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో ఒడిబియ్యం పోసేటప్పుడు చూస్తున్నాను. ముందే ఒడిలో మెరిసే కవరు పరుస్తున్నారు... ఏ చీరకూ మరక అంటడం లేదు.

మీ ఇంట్లో, ఏ బీరువా అడుగునైనా, ఎవరూ ఉతకనివ్వని చీర ఒకటి ఉందా? దాని కథ కాస్త చెప్పండి...