రెండు ముడుల సంచి

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విడిచిన్నో లేదో, మా మనుమరాలు ఒక కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మొయినాబాద్‌లో ఇంజనీరింగు చదువుకుంటూ, వారానికి మూడు రోజులు మెహిదీపట్నం బస్సెక్కి పోయి రైఫిల్ షూటింగు నేర్చుకుంటున్న పిల్ల అది. ఇన్నాళ్లు పాయింట్ టూ టూ అనే సన్న తూటాతో యాభై మీటర్ల దూరం కొడుతున్నది. ఇప్పుడు మూడు వందల మీటర్ల పోటీకి పేరు ఇయ్యాలెనట, దానికి ఏ కాలిబర్ రైఫిలు కావాలో, అంటే ఎంత లావు తూటా పట్టేది కావాలో, సోమవారం సాయంత్రం లోపల రాసియ్యాలెనట. ఒకటి ఆరు మిల్లీమీటర్లది, ఇంకొకటి త్రీ నాట్ ఎయిట్ అనే లావుది. ఒకసారి రాసిచ్చినంక ఏడాది దాకా మార్చుకునేది లేదు, తప్పు రైఫిలు పట్టుకుంటే ఆ ఏడాది జట్టు ఎంపిక మీద ఆశ వదులుకోవాల్సిందే. దాని మేనమామేమో, "అంత దూరం కొట్టేటందుకు పిట్టల తుపాకి ఎందుకు బిడ్డా, పెద్దది పట్టు" అని ఎగతాళి చేసి పోయిండు.

"అవ్వా, నువ్వే చెప్పు, ఏది రాయాలె?" అని అది నవ్వులాటకు అడిగింది. నేను మాత్రం కాగితం మీది అంకెలు నా అంతట నేనే చదువుకొని, రేపు చెప్త అన్న. ఆ రాత్రి నిద్రకు ముందు నా మనసు సురంగల్ పొలాల్లోకి పోయి కూర్చున్నది.

నేను పుట్టింది చేవెళ్ల దిక్కు, ఇచ్చింది సురంగల్‌కు. పెండ్లయిన కొత్తల్లో మా ఇంటాయన ఒక సాబు తోటలో కావలి ఉండేటోడు, నేను అక్కడే ఇల్లూ వాకిలీ ఊడ్చి, సామాను తుడిచి పెట్టేదాన్ని. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటది, అప్పుడు అటు దిక్కు ఇన్ని ప్రహరీ గోడలు లేవు, తోట దాటితే జొన్న చేను, అది దాటితే మక్క చేను, అటెనుక మట్టి దిబ్బ, ఎంత దూరం చూసినా చూపుకు అడ్డం ఉండేది కాదు. సాబు పింఛను తీసుకున్న పెద్దమనిషి, లైసెన్సు ఉన్న రైఫిళ్లు రెండు ఉండేవి. ఒకటి సన్నది, టూ టూ. ఇంకొకటి త్రీ ఫిఫ్టీన్ అనే లావుది. పొద్దున చాయ్ తాగి, మట్టి దిబ్బకు ఒక చెక్క ఆనిచ్చి దానికి కాగితం అంటించి, మూడు వందల గజాల నుంచి కొట్టేటోడు.

కొట్టుడు అయినంక చెక్క దాకా పోయి బొక్కలకు మైదా ముద్దతో కాగితం ముక్కలు అంటించుడు నా పని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. కానీ ఆ కాగితాన్ని చదువుడు వచ్చింది. సన్న తూటా బొక్కలు దగ్గరి నుంచి కొడితే కుంకుమ బొట్లు పెట్టినట్టు ఒక్క తావులో పడేవి, మూడు వందల గజాల నుంచి కొడితే గాలికి కొట్టుకపోయి, కిందికి జారి, కొన్ని చెక్కకు కూడా తగిలేవి కావు. లావు తూటా గాలికి అంతగా వంగేది కాదు, దిబ్బలో మూరెడు లోతు దిగేది. అయితే అది భుజాన్ని గుద్దేది. ఇంటికొచ్చినంక సాబు భుజానికి ఉప్పు కాపడం పెట్టేది ఆయన భార్య బేగం సాబే, తిట్టుకుంట పెట్టేది. ఒకనాడు నేను కాగితం చేతిలో పట్టుకొని, "సాబ్, మొదటి ఎనిమిది మంచిగ పడ్డయి, తర్వాత అన్ని పక్కకు పోయినయి, మీరు గుద్దుకు భయపడుతున్నరు" అన్న. ఆయన నోరు తెరిచి నన్ను చూసి, "అరె, నా భయం నీకు కాగితంల కనబడ్డదా?" అని, ఆ పూట ఇక తుపాకి ముట్టలేదు.

ఇక సంచుల సంగతి చెప్పాలె. తూటాలకు తేమ తగలొద్దని సాబు రెండు రకాలనూ ఒక్క తీరు రేకు డబ్బాల్లో పెట్టి, బేగం సాబు కుట్టిన ఖాకీ సంచుల్లో వేసి పెట్టేటోడు. డబ్బాల మీద అంకెలుండేవి, అవి నాకు రావు గదా, అందుకని సంచి మూతికి ముడులు వేసుకున్న. మా అవ్వగారింట్లో, అంటే నేను పుట్టినింట్లో, విత్తనాల మూటలకు అట్లనే చేసేవాళ్లు, సన్న గింజకు ఒక ముడి, లావు గింజకు రెండు. చీకటి కొట్టంలో చెయ్యి పెట్టినా ఏ మూటలో ఏమున్నదో తెలిసేది. కాబట్టి టూ టూకు ఒక ముడి, త్రీ ఫిఫ్టీన్‌కు రెండు. ఏడాది పొడుగూత ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

ఆ ఏడు సాబు భూమిలో రెండెకరాలు మేం పాలుకు తీసుకొని మక్క వేసినం. కంకులు పాలు పోసుకునే వేళకు అడవి పందులు పడ్డయి. పంది తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. ఇంకో వారం గిట్లనే అయితే ఆ యేడు ఇంట్లో గింజ ఉండదు. మా ఇంటాయన సాబు కాళ్లా వేళ్లా పడితే, ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి పందిని కొట్టేటందుకు అనుమతి కాగితం తెచ్చిండు. ఆ నడుమ నేను నన్ను కన్న అవ్వకు పానం బాగలేదని చేవెళ్ల పోయి వారం ఉండి వచ్చిన. వచ్చిన తెల్లారే పందుల కావలి.

ఇంకా మసక వెలుతురు. సాబు లావు రైఫిలు భుజానికి వేసుకొని, రెండు ముడుల సంచి తెమ్మన్నడు. తెచ్చిన. మా ఇంటాయనతో కలిసి ముగ్గురం పోయి మంచె ఎక్కినం. కొంచెం సేపటికే మక్కలో పటపట చప్పుడు, వెలుతురు వచ్చేసరికి నలభై గజాల దూరంలో ఒక పెద్ద పంది, వెనక నాలుగు. సాబు సంచి విప్పి, డబ్బా తెరిచి, నా ముందుకు వంచి చూపించిండు. లోపల అన్ని సన్న తూటాలు.

మా ఇంటాయన మెల్లగ, "సాబ్, ఉరికి పోయి చిన్న తుపాకి తెస్త, దాంతోనే కొట్టుర్రి, నలభై గజాలే గదా" అన్నడు. నేను కూడా మనసులో కొట్టుర్రి కొట్టుర్రి అనుకున్న, అది మా మక్క మరి. సాబు తల అడ్డం ఊపిండు.

"తగులుతది, చావది. గాయం పట్టుకొని ఉరుకుతది. ఇప్పుడే ఆడోళ్లు చేన్లకు బయలెల్లే యాళ్ల. ఎవరి మీద పడతదో నువ్వు చెప్పగలవా?" అని అడిగిండు. ఇంకో మాట కూడా అన్నడు, అది నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నది. "కాగితానికి పానం లేదు, దానికి ఏదైనా సరిపోతది. పానం ఉన్నదాన్ని కొడితే ఒక్క దెబ్బకే పోవాలె. లేకుంటే కొట్టొద్దు."

అంటే ఆ పొద్దు మా మక్క పోవుడే. నేను మంచె దిగి, కిందున్న ఖాళీ రేకు డబ్బా కట్టెతో కొట్టుకుంట, గొంతు పోయేదాక కేకలు పెట్టిన. పందులు పోయినయి, పోతూ పోతూ సగం చేను పండబెట్టి పోయినయి.

అప్పుడు మొదలైంది మా ఆలుమగల పంచాయితి. నేను లేని వారంలో కొత్త డబ్బాలు వస్తే సంచులకు ముడులు వేసింది మా ఇంటాయన.

"సన్నటియాటికి రెండు ముడులు ఎవడన్న ఏస్తడా?" అన్న.

"ఎవడన్న ఏందే, మా అవ్వ ఏస్తది! సన్న గింజ జారిపోతదని రెండు ఏస్తరు. లావు గింజ ఏడికి పోతది, ఒకటి చాలు."

"మా ఇంట్ల గట్ల కాదు."

"మీ అవ్వగారింటి ముడులు నాకేం తెలుస్తయి? లగ్గం నాడు చెప్పకపోతివి!"

మంచె మీద కూర్చున్న సాబు మొదట నవ్వు ఆపుకున్నడు, తర్వాత ఆపుకోలేక కండ్ల నీళ్లు పెట్టుకున్నడు. చూసుకోకుండా వచ్చిన తప్పు నాదే అన్నడు. రెండో నాడు సరైన సంచి తీసుకపోయి ఒకే ఒక్క తూటాతో పెద్దదాన్ని పడగొట్టిండు, మిగిలినవి మళ్లా ఆ దిక్కుకు రాలేదు. మిగిలిన సగం చేను ఆ ఏడు మా కడుపు నింపింది.

ఆ తెల్లారి సాబు నన్ను పిలిచి, డబ్బా నా ముందు పెట్టి, దాని మీది అంకెల మీద వేలు పెట్టించిండు. మూడు, ఒకటి, ఐదు. బూడిదలో రాసి చూపించిన. నేను నేర్చిన మొట్టమొదటి రాత అదే. ఏండ్ల తర్వాత, యాభై దాటినంక, ఒకటో తరగతి చదువుతున్న ఇదే మనుమరాలు తన పలక మీద నాకు అఆలు దిద్దించింది. మధ్యలో అన్నేండ్లు నాకు తెలిసిన చదువు ఆ మూడు అంకెలే.

సోమవారం పొద్దున మనుమరాలిని కూర్చోబెట్టి చెప్పిన. బిడ్డా, నువ్వు కొట్టేది కాగితాన్ని, పందిని కాదు, నీకు లావుది ఎందుకు? రోజుకు అరవై సార్లు భుజాన్ని గుద్దేదాన్ని పట్టుకుంటే నీ భయం కాగితంలో కనబడుతది. అట్లని టూ టూ అంత దూరం ఆగదు, గాలికి పోతది. గాలికి ఆగేటంత, భుజానికి నొప్పి లేనంత ఉండాలె. అది నన్ను వింతగా చూసి, కోచ్ కూడా గిదే మాట అన్నడు అవ్వా, మామ మాటకు నేనే ఆగమైన, అన్నది. ఆరు మిల్లీమీటర్లదే రాసిచ్చి వచ్చింది.

ఇప్పుడు సాబు లేడు, ఆ మట్టి దిబ్బ లేదు. దాని మీద ఇండ్లు లేచినయి, పోయిన నెల ఆటోలో అటు పోతూ చూసిన, ఏ దిక్కుకు తిరిగినా ముప్పై గజాలకొక గోడ. మూడు వందల గజాల దూరం చూడాలంటే మా పిల్ల బస్సెక్కి పట్నం పోవాల్సి వస్తున్నది. దానికి నాకు బాధ ఉన్నది గానీ, ఆడపిల్ల రైఫిలు పెట్టె భుజాన వేసుకొని పోతుంటే బస్సులో ఎవరూ వింతగా చూడరని అది చెప్పినప్పుడు, బాధ కొంచెం పక్కకు జరిగింది.

షూటింగు నేర్పే తావులో కౌంటరు కాడ ఇచ్చే తూటాలు పెట్టుకునేటందుకు దానికి ఒక ఖాకీ సంచి కుట్టిచ్చిన. పైన నల్ల దారంతో ఆరు అంకె నా చేతితోనే కుట్టిన, ఇక పోల్చుకునేటందుకు ముడితో పని లేదు. అయినా మూతికి ముడి వేసేటప్పుడు చెయ్యి ఆగింది. మా ఇంటాయన పోయి నాలుగేండ్లాయె, ఒకటా రెండా అని కొట్లాడేటందుకు ఎవరూ లేరు. సన్నది జారిపోతదని రెండు వేసిన.