ఎనిమిది కాపుల అనుభవం

నూజివీడు రోడ్డులో కొత్తగా పెట్టిన మామిడి ప్యాకింగ్ షెడ్డుకి, దెబ్బకాయనీ మంచికాయనీ ఏరి వేరుచేసే మనిషి కావాలన్నారు. మా అమ్మ కోసమే పుట్టిన ఉద్యోగం అనుకున్నాను. తోటలో కాయ ఏరడం, గంప మోయడం రెండూ చేసి చేసి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకొక్క కాపు బరువు మోస్తే మంచాన పడతావని డాక్టరు మొహం మీదే చెప్పాడు. షెడ్డులో అయితే నీడపట్టున కూర్చుని చేసే పని. అది రాకపోతే మళ్ళీ గంపే గతి.

ఫారం నేనే నింపాను. హాస్టళ్ళలో ఉండి చదువుకున్నదాన్ని, ఆ పొగరు కాస్త ఉండేది.

“పాత పని ఎందుకు మానేశావని అడుగుతున్నారమ్మా.”

“నేనెక్కడ మానేశానే? తోటే కొట్టేసి ప్లాట్లు వేశారుగా!”

“నీలో లోపం ఏంటంట?”

“ఎవరన్నా కాయ విసిరేస్తే ఊరుకోలేను, తిట్టేస్తాను. అమ్మో, అది రాయకే, రానివ్వరు.”

‘పనిలో కచ్చితంగా ఉంటాను’ అని రాసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

“ఎన్నేళ్ళు చేశావు?”

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. “ఎనిమిది కాపులు చేశాను.”

ఎనిమిదేళ్ళు అని రాసేశాను.

వారం తర్వాత ఇద్దరం షెడ్డుకి వెళ్ళాం. ఆఫీసులో ఆయన మర్యాదగానే మాట్లాడాడు. “పదేళ్ళ అనుభవం ఉండాలండి. మీరు ఎనిమిదే రాశారు. వేరేవాళ్ళని తీసేసుకున్నామండి.” ఆ పదేళ్ళ సంగతి ఫారంలో ఎక్కడా లేదు.

చాట్రాయి బస్సులో కూర్చున్నాక అడిగాను, అసలు ఆ తోటలో ఎప్పుడు చేరావమ్మా అని.

“నువ్వు ఒకటో తరగతిలో చేరిన ఏడే.”

తోట కొట్టేసినప్పుడు నాది డిగ్రీ ఆఖరు సంవత్సరం. పదిహేనేళ్ళు!

“మరి ఎనిమిదన్నావేంటి?”

“కాపు రాని ఏళ్ళు ఎట్టా చెప్తానే? పాదులు తవ్వాం, కలుపు తీశాం. కాయే లేనప్పుడు ఏం ఏరానని చెప్పుకోను?”

నా చదువు తగలెయ్య! మామిడి ఒక ఏడు కాస్తే మరో ఏడు మొహం చాటేస్తుందని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. తోట పనివాళ్ళు కాపుల్లోనే లెక్క చెబుతారనీ తెలుసు. ఒక్క మాట తిరిగి అడిగి ఉంటే సరిపోయేది.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళి ఆయన్ని బతిమాలాను. పాపం అన్నాడు, పోస్టు నిండిపోయిందండి అన్నాడు. ఇంటికొచ్చి అమ్మ ముందు భోరుమన్నాను.

“నేను చెప్పిందేగా నువ్వు రాసింది, ఊరుకో,” అని వీపు నిమిరింది. నాలుగు తిట్టినా బాగుండేది.

వేసవి కోతలకి అమ్మ ఇంకో తోటకి వెళ్ళింది. ఒకరోజు క్యారేజీ తీసుకెళ్ళేసరికి, మోకాలికి గుడ్డ చుట్టుకుని చెట్టు కింద నిలబడి ఉంది. ఆమె అవస్థ చూసి మేస్త్రి అన్నాడు, “నువ్వు మోయకు పిన్నీ. కుప్ప దగ్గర కూర్చుని కాయ ఏరు.”

“నాకంత అనుభవం లేదంటయ్యా. ఇంకెవరినన్నా కూర్చోబెట్టు,” అని అమ్మ గంప నెత్తికెత్తుకుంది.