మూడు గోతాలు

మా ఆయన కృపారావుకి తన నీడ మీద కూడా నమ్మకం లేదు. వత్సవాయిలో మాకున్నవి పన్నెండు గొర్రెలు. వాటి కొట్టానికి తాళం వేస్తాడు, పడిందో లేదోనని మళ్లీ రెండుసార్లు వెళ్లి లాగి చూస్తాడు. చర్చిలో ప్రార్థనప్పుడు ఒక కన్ను తెరిచి గుమ్మం బయట చెప్పులు చూసుకుంటాడు. నలభై ఏళ్లుగా వేగుతున్నా ఈ మనిషితో.

మనవరాలు జాయిస్ జగ్గయ్యపేట బళ్లో యూకేజీ. అక్కడ ఇంగ్లీషులో నల్లగొర్రె పాట నేర్పారు. ఉన్ని ఉందా అనడిగితే మూడు సంచుల నిండా ఉందంటుందట గొర్రె. ఒకటి యజమానికి, ఒకటి అమ్మగారికి, ఇంకోటి సందులో ఉండే పిల్లాడికి. పిల్ల ఇది తెలుగులో విప్పి చెబితే ఈయనకి అనుమానం పుట్టింది. మన గొర్రెలకి ఉన్నెక్కడిది, పొట్టి బొచ్చు తప్ప? బస్సెక్కించి పంపితే పిల్ల చెవిలో పూలు పెడుతున్నారని వారం రోజులు సణిగాడు.

ఆ వారమే కొట్టంలో మూడు గోతాలు మాయమయ్యాయి. ఇంకేముంది! సందు చివర సొలొమోను పత్తి తీయిస్తున్నాడు, గోతాలతో పని వాడికేనని తేల్చేశాడు. వద్దయ్యా, నీ ఆపరేషనప్పుడు నందిగామ ఆసుపత్రిలో పది రోజులు నీ పక్కన కూచున్న మనిషి అన్నా. వింటేనా? నలుగురిలో అడిగేశాడు. సొలొమోను మొహం మాడిపోయింది.

"ఇంట్లోకొచ్చి వెతుక్కో, కృపారావూ" అన్నాడు, అంతే.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఈయన ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి సొలొమోను మా గుమ్మం తొక్కలేదు.

ఆదివారం గడ్డివాము వెనక జాయిస్ దొరికింది, మూడు గోతాలూ ముందేసుకుని. ఒక్కోదాంట్లో గుప్పెడు నల్ల బొచ్చు. కంచెకి అంటుకున్నదంతా రోజూ ఏరిందట. ఒకటి తాతకి, ఒకటి నాకు. మూడోది ఎవరికే అనడిగా.

"సందులో ఉండేది సొలొమోను తాతేగా. రావట్లేదు, చలేస్తుందేమో" అంది.

ఈయన ఆ గోతాం చంకన పెట్టుకుని సొలొమోను ఇంటికెళ్లాడు. నేనూ వెనకే వెళ్లా. తప్పయిపోయిందిరా, ఇది నీకేనట తీసుకో అన్నాడు. సొలొమోను గేటు తీయలేదు.

"ముందు విప్పి చూపించు. రేపు ఇందులోంచి ఏం పోయిందంటావో, ఎవరికి తెలుసు?" అన్నాడు.

మా ఆయన గేటు బయట గొంతుక్కూచుని ముడి విప్పాడు.