రేడియేటర్‌కు ఒక బకెట్ నీళ్లు

2023 ఎండాకాలం. కోరుట్లలో జగిత్యాల పోయే రోడ్డు మీద నాకో మెకానిక్ షెడ్డు ఉంది. పేరు ఖాజా. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, కోపమొస్తే రెండూ. ముప్ఫై ఏళ్లుగా డీజిల్ బండ్లే నా బతుకు. ఇంజన్లు దించడం, ఎక్కించడం నాకు కొత్త కాదు. కానీ ఒక పాత పికప్‌లో వేరే బండి ఇంజను ఎక్కించిన పని ఒకటుంది. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటకు ఇంజను కారణం కాదు.

ఊరి పేరు రాయను. మా కోరుట్ల చుట్టుపక్కల ఊరే. అక్కడి నుంచి శ్రీనివాస్ గౌడ్ ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న రాజేశం కల్లు గీసి ఇల్లు నడిపినవాడు. కొడుకు చెట్టెక్కడం మాని పికప్ స్టీరింగ్ పట్టాడు. బండి ఆగిపోయింది, ఇంటికొచ్చి చూడమంటున్నాడు. ఏదైనా ట్రాక్టరుకు కట్టి షెడ్డుకు తెమ్మన్నాను.

"మా ఊల్లె ఎవ్వరు గుంజరు భాయ్. మీరే రాండ్రి" అన్నాడు.

ఏదో పాలివాళ్ల తగాదా అయుంటుందనుకుని టూల్ బాక్సు వేసుకుని పోయాను. ఊరి అవతలి కొసన, ఈత చెట్ల పక్కన వాళ్ల ఇల్లు. వాకిట్లో పికప్ నిలబడి ఉంది. చూడగానే తెలిసింది, ఇంజను సీజ్ అయింది. అంటే వేడికి లోపలి పిస్టన్లు సిలిండర్‌ను పట్టేసి ఇక కదలవు. పైన మూత లాంటి హెడ్ విప్పితే అది వంగిపోయింది, కింద బ్లాక్‌కు పగులు. ఇక రిపేరు మాట లేదు. రేడియేటర్ నుంచి ఇంజనుకు నీళ్లు పోయే గొట్టం ఒకటి చీలి వేలాడుతోంది. నీళ్లు లేకుండా నడిపిన ఇంజను అని చెప్పడానికి మెకానిక్ కూడా అక్కర్లేదు.

డ్రైవర్ల నిర్లక్ష్యం చూస్తే నేను ఆగలేను. "వేడి సూపే ముల్లు ఎర్ర గీతకు పోతే కనవడలేదా? గాడిదకు దూపైతే నిలవెట్టి నీళ్లు తాపుతం గదరా. గిట్ల ఎట్ల నడిపినవ్?" అని దులిపేశాను. శ్రీనివాస్ తల వంచుకున్నాడు. గడపలో నిలబడ్డ అతని భార్య లావణ్య అంది:

"నీళ్లు అడిగిండు భాయ్. ఇయ్యలే."

ఎవరివ్వలేదని అడిగితే, ఊరు అంది. అప్పుడు చెప్పారు సంగతి.

ఆ ఊళ్లో ఒక కమిటీ ఉంది. ఎవరూ ఓటేసింది కాదు, సర్కారు పెట్టిందీ కాదు. ఊరి బాగు కోసం అని పేరు. గుడికి రంగులు వేయించారు, బోరింగ్ బాగు చేయించారు, లేదనను. ఆ ఏడు కొత్తగా ఒక వేలం పెట్టారు. ఊళ్లో పండిన మక్కలు, పసుపు మార్కెట్‌కు చేరవేసే హక్కు వేలం పాడుకున్న ఒక్క బండిదేనట. రోడ్డు సర్కారుది, పంట రైతుది, బండి శ్రీనివాస్‌ది. నడుమ హక్కు వీళ్లదెట్లా అయిందో నాకిప్పటికీ అర్థం కాదు. వాన ముసురుకొస్తుంటే ఒక ముసలామె మక్కలు తడుస్తాయని శ్రీనివాస్ తన బండిలో జగిత్యాల చేర్చాడు. అదీ అతను చేసిన నేరం.

శిక్ష కూడా వినండి. తండ్రి రాజేశం తువ్వాల నడుముకు కట్టుకుని, చెప్పులు విడిచి, కమిటీ ముందు సాగిలపడి తప్పయిందనాలి. కొడుకు చేసిన పనికి తండ్రి ఎందుకంటే, పెద్దమనిషి మొక్కితేనే ఊరి మనసు చల్లబడుతుందట. శ్రీనివాస్ ఒప్పుకోలేదు. దాంతో ఇంటిని వెలి వేశారు. కిరాణం వాడు ఉప్పు ఇవ్వడు, మంగలి గడ్డం గీయడు, వాళ్లతో మాట్లాడినవాళ్లకు జుర్మానా. పోలీసుల దాకా పోతే, పిలిచి అడిగారట. మేమేమీ అనలేదు, ఎవరితో మాట్లాడాలో మనుషుల ఇష్టం కదా అన్నారట కమిటీవాళ్లు. కాగితం లేదు, సంతకం లేదు.

గొట్టం చీలిన రోజు శ్రీనివాస్ బయటి నుంచి ఖాళీ బండితో వస్తున్నాడు. దారిలో రెండుచోట్ల ముక్కూ మొహం తెలియనివాళ్లు నీళ్లు పోశారు. సొంత ఊరు చేరేసరికి మళ్లీ ఖాళీ అయింది. ఊళ్లోకి రాగానే మొదటి ఇల్లు నర్సయ్యది. చిన్నప్పటి నుంచి శ్రీనివాస్ మామా అని పిలిచే మనిషి. గేటు దగ్గర నిలబడి ఒక బకెట్ నీళ్లు అడిగాడు. నర్సయ్య వినపడనట్టే లోపలికి పోయి తలుపేసుకున్నాడు. బోరింగ్ దగ్గరికి పోతే అక్కడ కూర్చున్నవాళ్లు వద్దన్నారు. ఇక ఇల్లు చేరితే చాలనుకుని నడిపాడు. ఊరి నడిబొడ్డున ఇంజను పట్టేసింది. అక్కడి నుంచి తండ్రీ, కొడుకూ, కోడలూ ముగ్గురే నెట్టుకుంటూ వచ్చారు. అరుగుల మీద జనం కూర్చుని చూశారు.

వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పగ ఉంటే మనిషి మీద ఉండాలి. ఇంజను ఏం చేసింది?

శ్రీనివాస్ సిరిసిల్లలో మరమగ్గాల బట్ట తోలేవాడు, వేములవాడ దుకాణాలకు కొబ్బరికాయలు వేసేవాడు. ఊరు పలకకపోయినా బయటి కిరాయిలతో ఇల్లు గడుస్తోంది. ఇప్పుడు అదీ ఆగింది. "బండి నడిస్తె తల ఎత్తుకోని బతుకుతం. నడవకపోతె మా బాపు పోయి ఆళ్ల కాళ్లు మొక్కాలె, గంతే" అన్నాడు. రాజేశం భుజం మీది తువ్వాల తీసి, మడిచి, ఒళ్లో పెట్టుకున్నాడు.

బండికి వయసు మీరింది, దాని జాతి ఇంజను మంచిది దొరకలేదు. సిరిసిల్ల దగ్గర వెనక నుంచి గుద్దుకుని బాడీ నుజ్జయిన ఒక జీపు ఉంది, దాని ఇంజను బాగుంది. అది తెచ్చాం. ఇంజను మారితే ఆర్‌సీలో నంబరు మారాలి కాబట్టి రవాణా ఆఫీసులో ముందే దరఖాస్తు పెట్టించాను. ఆ పని చేయకుండా ఇంజను మార్చుకున్నవాళ్లు తర్వాత ఎక్కడో చెకింగ్‌లో దొంగల్లా నిలబడతారు.

ఈ లోపు నా షెడ్డుకు ఆ ఊరివాళ్లు రావడం మొదలైంది. ఒక్కొక్కరే వస్తారు, ఎంతో ప్రేమగా మాట్లాడతారు. శీను మంచోడే, నాకైతే ఏం లేదు, కమిటీ మాట కాబట్టి నువ్వు ఆ పని పట్టకు అంటారు. కమిటీవాళ్లు కూడా వచ్చారు. మాకైతే ఏం లేదు, ఊరి మాట అన్నారు. ఊరేమో కమిటీ అంటుంది, కమిటీ ఏమో ఊరంటుంది. మరి ఆ రోజు నీళ్లడిగితే తలుపు వేసింది ఎవరి చెయ్యి? పని చేస్తే మా ఊరి బండి ఒక్కటీ నీ షెడ్డుకు రాదన్నారు. రావద్దన్నాను.

ఇంజను దించాలంటే పైన ఆధారం కావాలి. ఊళ్లలో అయితే బోరు మోటర్లు తీసే మూడు కాళ్ల స్టాండు వాడుకుంటాం. అది ఆ ఊళ్లో ఉంది, నాలుగిళ్ల అవతల గోడకు ఆనించి కనపడుతోంది కూడా. ఇవ్వరు. కోరుట్ల నుంచి మూడు కాళ్లుగా నిలబెట్టడానికి ఇనుప పైపులు, చైన్ బ్లాక్ వేసుకుపోయాను. చైన్ బ్లాక్ అంటే గొలుసు లాగుతుంటే బరువును కొద్దికొద్దిగా లేపే గిరక. పాత ఇంజను బాగానే దిగింది. కొత్తది ఎక్కించేటప్పుడు అటూ ఇటూ ఊగకుండా రాజేశం తన మోకు కట్టి పట్టుకున్నాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే తాడు అది.

ఇంజను గాలిలో ఉంది. రాజేశం దాని పక్కనే ఉన్నాడు. గోడ అవతల లచ్చవ్వ అనే ముసలామె తన బర్రెకు గడ్డి వేస్తోంది. ఉన్నట్టుండి ఆమె బర్రె వైపు తిరిగి గట్టిగా అంది:

"ఓ బర్రె, గా ఎనుక పైపు మట్టిల దిగవడ్తున్నదే. నీకు కండ్లు లేవా?"

చూస్తే నిజమే. ఒక పైపు కాలు మెత్తటి మట్టిలోకి జారుతోంది. గబుక్కున ఇంజను కిందికి దించి, పైపు కింద బండరాయి వేశాం. ఇంకాస్త ఆలస్యమైతే రాజేశం కాళ్లు పోయేవి. లచ్చవ్వకు షుక్రియా చెప్పబోయాను. లావణ్య వద్దని సైగ చేసింది, నేను పలకరిస్తే ఆమె మీద జుర్మానా పడుతుందని. బర్రెకే దండం పెట్టాను. అందరం నవ్వాం గానీ నాకు లోపల ఏడుపొచ్చింది. ఒక మనిషి ప్రాణం కాపాడే మాట బర్రెకు చెప్పాల్సిన గతి పట్టింది ఆ ముసలామెకు. అయినా ఆ ఊళ్లో ఆ రోజు నోరున్న మనిషి ఆమె ఒక్కతే.

వేరే ఇంజను ఎక్కించడం అంటే చెప్పు మార్చినట్టు కాదు. జీపు ఇంజను బోల్టుల రంధ్రాలు పికప్ గేర్ బాక్సుకు కలవవు. రెండింటి నడుమ అడాప్టర్ ప్లేటు ఒకటి లేత్ మిషన్ మీద చేయించాను. ఇంజను కూర్చునే మౌంటింగులు కోసి, జరిపి, మళ్లీ వెల్డింగ్ చేయించాను. దాని అడుగున ఆయిల్ ఉండే గిన్నె కింది రాడ్డుకు తగిలితే రెండుసార్లు లేపి కూర్చోబెట్టాను. చివరికి డీజిల్ పైపుల్లో చిక్కుకున్న గాలి తీసి, శ్రీనివాస్‌ను తాళం తిప్పమన్నాను. మొదట దగ్గింది. తర్వాత నల్ల పొగ వదిలి అందుకుంది. రాజేశం ఆ రోజు మడిచి పెట్టిన తువ్వాల తీసి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

ట్రయల్‌కు శ్రీనివాస్ నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. నర్సయ్య గేటు రాగానే ఆపమన్నాను. ఎందుకు భాయ్ అన్నాడు. ఆపమన్నానా, ఆపు అన్నాను. దిగి బానెట్ లేపాను. నర్సయ్య వాకిట్లోనే ఉన్నాడు. నిరుడు అమ్ముకునేదాకా అతని ట్రాక్టరు నా చేతిలోనే పెరిగింది.

"నర్సయ్య పటేలా, రేడియేటర్‌కు ఒక బకెట్ నీళ్లియ్యి" అన్నాను.

అతను బండిని చూశాడు. తర్వాత వీధి అటు చివర, ఇటు చివర చూశాడు.

"నీకైతె ఇస్త ఖాజా భాయ్, దూపైతె తాగు. గా బండికైతె ఇయ్య" అన్నాడు.

నాకే ఇమ్మన్నాను. బకెట్ తెచ్చాడు. దోసిలి పట్టి ఒక గుక్క తాగాను, అతను చూస్తుండగానే. మిగిలింది తీసుకుపోయి రేడియేటర్‌లో పోశాను. అది అప్పటికే నిండా ఉంది. నీళ్లన్నీ పొర్లి రోడ్డు మీద పారాయి. పారనీ అనుకున్నా. శ్రీనివాస్ స్టీరింగ్ మీది నుంచి కళ్లెత్తలేదు. ఖాళీ బకెట్ నర్సయ్య చేతికిచ్చి బండెక్కాను.

తర్వాత జరిగిందంతా లచ్చవ్వ తన బర్రెకు చెప్పుకుంటుంటే శ్రీనివాస్ విన్నాడు, నాకు చెప్పాడు. కమిటీ నర్సయ్యను పిలిపించింది. నీళ్లు మనిషికిచ్చావా, బండికిచ్చావా అని విచారణ. మనిషికే ఇచ్చానన్నాడు నర్సయ్య. మరి బండిలో పడ్డాయి కదా అన్నారు. పొర్లినవి బండివా, రోడ్డువా అని ఇంకొకడు. పెద్దమనుషులు, తలలు నెరిసినవాళ్లు, పొద్దంతా దీని మీదే కూర్చున్నారు. చివరికి నర్సయ్యకు జుర్మానా వేశారు. నిన్నటి దాకా అదే కమిటీలో కూర్చుని అవునవునన్న మనిషికి అప్పుడు పౌరుషం పొడుచుకొచ్చింది. కట్టనన్నాడు. అతన్నీ వెలి వేశారు.

వారం తిరగకముందే నర్సయ్య ఈత చెట్ల దాకా నడిచొచ్చాడు. మక్కలు కల్లంలో ఉన్నాయి, ఎవరి బండీ రావడం లేదు. వాకిట్లో చాలాసేపు నిలబడి, "శీనూ, బండి ఖాళీగున్నదా?" అన్నాడట.

శ్రీనివాస్ బండి తీశాడు. మామా ఎక్కు అన్నాడు. మక్కలు జగిత్యాల చేరాయి.

ఇది విని నేను శ్రీనివాస్ మీద మండిపడ్డాను. తన దాకా వస్తే గానీ నొప్పి తెలియని మనిషికి అంత తేలిగ్గా తలుపు తీస్తావా, ఆ రోజు బకెట్ సంగతి ఒక్క మాటైనా అడగవా అన్నాను. అతను నవ్వాడు.

"ఇద్దరం వెలిల ఉన్నోళ్లమే గద భాయ్. ఆయనతోని మాట్లాడితె నాకు జుర్మానా లేదు."

అతను నవ్వగలడు. నాకు రాదు. ఆ ఊరి బండ్లు ఇప్పటికీ సగం నా షెడ్డుకు రావు, నాకు బాధ లేదు. నీళ్లివ్వని మనుషులు కూడా మనలాంటివాళ్లే, ప్రేమగా మాట్లాడేవాళ్లే అన్నదే మింగుడు పడదు.

ఇంజను పట్టేసిన బండ్లు ఎండాకాలం వస్తే ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. ఇంతకుముందయితే ముల్లు చూసుకోలేదా అని డ్రైవర్‌ను తిట్టి గానీ స్పానర్ పట్టేవాణ్ని కాదు. ఇప్పుడు ముందు ఒకటే అడుగుతాను: దారిలో నీళ్లు ఎవరిని అడిగినవ్?